నాయన కొనిచ్చిన మొగలి అత్తరు

నిత్య మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళయింది. మా అక్క మనవరాలు. నెల్లూరులో ఉద్యోగం దొరికింది, హాస్టలు తిండి పడదు చిన్నమ్మమ్మా, నీ దగ్గరే ఉంటానంది. ఉండవే తల్లీ అన్నాను. పిల్ల బంగారం. తిన్న కంచం తానే కడుగుతుంది, నా కళ్ళద్దాలు యాడ పెట్టి మరిచినా వెతికి తెస్తుంది. ఒక్కటే తంటా. పొద్దున ఆఫీసుకు బయల్దేరేముందు గదిలో నిలబడి ఆ సెంటు డబ్బాను బుస్సుబుస్సుమని మెడకు, చేతులకు, చివరికి గాలిలోకి కూడా కొట్టి, ఆ గాలిలోంచి నడుచుకుంటూ బయటికి వస్తుంది. తాను వెళ్ళిపోతుంది, వాసన మాత్రం ఇంట్లోనే తిష్ట వేస్తుంది. నేను కాలుకాలిన పిల్లిలా ఈ గదినుంచి ఆ గదికి తిరుగుతూ కిటికీలు తెరుస్తాను, ఫ్యాను పెంచుతాను, వాకిట్లోకి పోయి నిలబడతాను, మళ్ళీ లోపలికి వస్తాను. కాఫీ తాగితే కాఫీలో అదే వాసన. పప్పు తాలింపు వేస్తే ఇంగువ కూడా దాని ముందు ఓడిపోతుంది. రెండు ముక్కలు రాసుకుందామని కూర్చుంటే తల దిమ్మెక్కుతుంది.

మొన్న ఆదివారం వాళ్ళమ్మ ఇంటికి పోయి వస్తూ ఒక చిన్న గాజుబుడ్డి తెచ్చింది. వేలెడంత పొడవు, గాజు బిరడా, మెడ దగ్గర నల్లబడిన దారం. అక్క పోయి ఏడాది దాటింది. పెట్టె ఇప్పుడు సర్దారట. "అమ్మమ్మ నర్సు కదా, సెంటు వాసన వస్తే వార్డులోంచి బయటికి పంపేసేదంట కదా. మరి ఈ అత్తరు సీసా బట్టలో చుట్టి ఎందుకు దాచుకుంది? అందులో చుక్క కూడా లేదు చిన్నమ్మమ్మా" అంది నిత్య. నేను ఆ బుడ్డిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. చెప్పాలంటే మా పుట్టిన ఊరు మైపాడు దాకా, నా చిన్నతనం దాకా పోవాలి. పోయాను. ఆ రోజునుంచీ నాకు స్థిమితం లేదు.

మాది ఎండుచేపల ఇల్లు. నాయన రేవులో చేపలు కొని, ఉప్పు పట్టించి, ఇసుకలో ఎండబెట్టి, మూటలు కట్టించి పంపేవాడు. ఇంటి వసారాలో ఒకవైపు ఉప్పు గుట్ట, ఒకవైపు ఎండు నెత్తళ్ళ చేపల మూటలు. తెల్లారకముందే నాయన పంచె ఎగ్గట్టి పెరడు దిగేవాడు. ఉప్పు చెయ్యి ఆయనదే. వేరే ఎవర్నీ ఉప్పు ముట్టనిచ్చేవాడు కాదు. దోసిలి నిండా తీసుకుని చేప కడుపులో, మొప్పల్లో, తోక దాకా గట్టిగా రుద్దేవాడు. "ఉప్పు కాడ పిసినారితనం చేస్తే పురుగు పడతాది. చాలీచాలకుండా ఏసేదానికన్నా ఏయకపోతే మేలు" అనేవాడు. ఇది ఆయనకు వేదవాక్కు. ప్రార్థన చేసినా గట్టిగా చేసేవాడు, నవ్వినా వీధి చివరిదాకా వినపడేది. మాకు ఆ ఇంటి వాసన తెలిసేదే కాదు. అన్నం తినేది అందులోనే, నిద్రపోయేది అందులోనే, పాఠాలు వల్లెవేసేది అందులోనే. ఊళ్ళో ఉన్నంతకాలం మాకు ముక్కులున్నాయన్న సంగతే గుర్తుండేది కాదు.

గుర్తుచేసేది నెల్లూరు బస్సు. దాని కండక్టరు సన్నగా పొడుగ్గా ఉండేవాడు, ముక్కు మనిషికన్నా ఒక అడుగు ముందుండేది. మేం మెట్టు మీద కాలు పెట్టగానే ముక్కు ఎగబీల్చి, "గంపలు టాపు మీదికి, మనుషులు ఎనక్కి" అనేవాడు. మా చేతిలో గంప లేదు మహానుభావా, పిల్ల చేతిలో పుస్తకాల సంచి ఉంది అని అమ్మ అన్నా వినేవాడు కాదు. డ్రైవరు వెనకాల ఆడవాళ్ళ సీటు ఖాళీగా ఉన్నా సరే, వెనక చక్రం మీద ఎగిరెగిరి పడుతూ పోవాల్సిందే. అక్క హైస్కూలు చదువంతా ఆ వెనక సీట్లోనే సాగింది. పోయేముందు చింతపండుతో చేతులు రుద్దుకునేది, సున్నిపిండితో ఒళ్ళు రుద్దుకునేది, కుంకుడుకాయతో తల అంటుకునేది. అయినా బళ్ళో పక్క పిల్ల బెంచీ చివరికి జరిగి కూర్చునేదట. "నీ పేరు సువార్త, నీ దగ్గర వచ్చేది ఉప్పుచేప వార్త" అని ఒకతి ఎగతాళి చేసిందట. ఇంకొకతి, "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు" అన్నదట. ఇంటికొచ్చి చెప్పేటప్పుడు అక్క ఏడ్చేది కాదు. గోళ్ళు కొరుక్కుంటూ వసారాలో అటూ ఇటూ తిరిగేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆ కస్తూరి పిల్లను ఒక్కసారి మా ఉప్పు గుట్ట మీద దొర్లించాలని ఉండేది.

అక్కకు నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి సీటు వచ్చింది. మా వాడకట్టులో చదివి ఉద్యోగానికి పోయే మొదటి ఆడపిల్ల. నాయన ఆ సాయంత్రం రేవంతా చెప్పుకొచ్చాడు. అయితే మొదట కొన్ని నెలలు చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికి పంపేస్తారు అని కాగితం మీద ఉంది. పంపేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. అక్క మళ్ళీ వచ్చి చేపలు తిరగేసుకుంటూ, మేనమామ కొడుకును చేసుకుని వాడి పడవకు వల అల్లుకుంటూ బతకాలి. ఆ కుర్రవాడు చెడ్డవాడు కాదు. కానీ అక్కకు అక్కర్లేదు, అంతే. "నేను తిరిగొస్తే నన్ను సముద్రంలోకి తోసెయ్యండి" అంది. అమ్మ గబుక్కున దాని నోరు మూసింది.

అప్పుడే అత్తరు సాయిబు వచ్చాడు. నెలకోసారి చెక్కపెట్టె భుజాన వేసుకుని మా ఊరు వచ్చేవాడు, చెవిలో దూది, గడ్డానికి గోరింట ఎరుపు. అందరికీ చేతి మీద చుక్క రాసి వాసన చూపించేవాడు. మా పేటలో పెళ్ళికొడుకులు తప్ప ఆయన దగ్గర కొనేవాళ్ళు తక్కువ. ఆ రోజు నాయన ఆయన్ను పిలిచి వసారాలో కూర్చోబెట్టి, "అన్నిట్లోకీ గట్టిది ఏదో అది ఇయ్యి సాయిబూ" అన్నాడు. సాయిబు మొగలి అత్తరు తీశాడు. బిరడా తీయగానే వాసన గుప్పుమంది. నెత్తళ్ళ మూటలున్న ఆ వసారాలో కూడా అది నిలబడి పోట్లాడింది. సాయిబు మంచివాడు. "చిటికెన వేలి గోరంత చాలు బిడ్డా, చెవి ఎనక రాసుకో, రోజంతా ఉంటాది" అని అక్కకు చెప్పాడు. నాయన నవ్వాడు. "గోరంతేంది సాయిబూ! మేం చేపలోళ్ళం, పని సగం సగం చేసే మనుషులం కాదు."

అక్క బయల్దేరే ముందురోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. ఆసుపత్రివాళ్ళు ముందే ఇచ్చిన తెల్ల చీరలు, నీలం అంచువి, అమ్మ గంజి పెట్టి మడతలు వేసి ట్రంకు పెట్టెలో పెట్టింది. నాయన వచ్చి పెట్టె ముందు గొంతుక్కూచుని, అచ్చం చేపకు ఉప్పు పట్టించినట్టే, అరచేతిలో అత్తరు పోసుకుని మడత మడతకూ రుద్దాడు. అంచుల్లో, మధ్యలో, రవికెల చంకల్లో. అమ్మ కూడా వద్దనలేదు, ఇంకో చీర అందించింది. అక్క పెట్టె పక్కనే నిలబడి, "ఇంక ఎవురన్నా ముక్కు మూసుకుంటారేమో చూస్తా" అంది. నలుగురం ఎంత సంతోషంగా ఉన్నామో ఆ సాయంత్రం! మిగిలిన సగం బుడ్డిని నాయన గుడ్డలో చుట్టి పెట్టె మూలలో దాచాడు.

మర్నాడు బస్సులో కండక్టరు ముక్కు ఎగబీల్చి, తుమ్మి, మళ్ళీ తుమ్మి, ఏమనాలో తెలియక అక్కను ముందు సీట్లో కూర్చోనిచ్చాడు. మేం రోడ్డు మీద నిలబడి చూశాం. నాయన పైపంచె దులిపి భుజాన వేసుకుని రాజులా ఇంటికి నడిచాడు.

తర్వాత ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మా నేనూ అక్కను చూడటానికి పోయాం. అక్క మనిషి సగమైంది. ఎవరిదో అరువు చీర కట్టుకుని గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతోంది. మొదటిరోజే ఆపరేషనైన ఒకామె దగ్గర డ్యూటీ వేశారట. అక్క వంగి దుప్పటి సర్దగానే ఆమె వాంతి చేసుకుంది, కుట్లు పట్టేసి అల్లాడిపోయింది. పక్క మంచంమీద మనిషికి ఆయాసం వచ్చింది. మేట్రన్ గారు వచ్చి వార్డు కిటికీలన్నీ తెరిపించి, అక్కను బయటికి పిలిచి, "రోగులకు ముక్కు కూడా పుండే. ఇంకొకసారి నీ దగ్గర ఏ వాసన వచ్చినా పెట్టె సర్దుకో. సోమవారం నేనే చూస్తాను" అన్నదట. సోమవారమంటే మర్నాడు కాదు, ఆ పై సోమవారం. అంతవరకూ గిన్నెలు తోమే గదిలో పడేశారు. అక్క చీరలు ఎన్నిసార్లు ఉతికినా మొగలి వదలడంలేదు. "సబ్బేస్తే సబ్బూ మొగలీ వస్తుండాది. పోయేదాకా ఉతికితే కింద చేప బయటపడతాదేమోనని భయంగా ఉండాదమ్మా. నాకు ముందు నుయ్యి, ఎనక గొయ్యి" అంది. అప్పుడు ఏడ్చింది. బళ్ళో పిల్లలన్నదానికి ఏడవని మనిషి.

కొత్తవి కొనొచ్చు కదా అంటారు. అవి బయట దొరికేవి కావు, అడగాలంటే మేట్రన్ గారికి కారణం చెప్పాలి. అమ్మ చీరలన్నీ మూటకట్టింది. అక్క అమ్మ చెయ్యి పట్టుకుని, "నాయనకి చెప్పబాకమ్మా. ఆయన చేత్తో రుద్దినాడు. తెలిస్తే ఆ చెయ్యి నరుక్కుంటాడు" అంది. అమ్మ తలూపింది. దారి పొడుగునా ఆ మూటను ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆ వారం అమ్మా నేనూ పడ్డ అవస్థ! నాయన పెరడు దిగగానే మేం పని మొదలుపెట్టేవాళ్ళం. అమ్మ చౌడుమట్టి వేసి చీరలు ఉడికించింది. చింతపండు పులుసులో నానబెట్టింది. నిమ్మకాయ పిండింది. నీళ్ళు మార్చి మార్చి నా చేతులు తెల్లగా ముడతలు పడ్డాయి. ఆరేద్దామంటే ఊళ్ళో వాసన లేని జానెడు చోటు లేదు. పెరట్లో చేప. వీధిలో పేడ. కాలువ గట్టు మీద బురద కంపు. సరుగుడు తోటలో ఎవరో ఆకు తగలబెడుతున్నారు, పొగ. దక్షిణానికి పోదామని ఇసుకలో నడిస్తే అక్కడ మొగలి పొదలు విరగబూసి ఉన్నాయి. "ఓరి ప్రభువా, ఈడ కూడానా!" అని అమ్మ మూట ఎత్తుకుని పరుగు లంకించుకుంది. నేను వెనకాల పరుగు. ఇంకా చాలా దూరం పోయాక ఒక బోడి ఇసుక దిబ్బ కనిపించింది. చెట్టు లేదు, చేమ లేదు. తాడు కట్టడానికి కర్ర కూడా లేదు. కింద పరిస్తే ఇసుక. అందుకని అమ్మ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని చీరను గాలికి ఎత్తి నిలబడ్డాం. ఒకటి అయితే ఇంకొకటి. పడమటి గాలి మంటలా కొట్టింది. చేతులు పీక్కుపోయాయి. "దించబాకే, దించబాకే" అని అమ్మ అరుస్తూనే ఉంది. రోజూ అదే పని. "చీరలెందుకు తెచ్చినావు?" అని నాయన అడిగితే, "దానికి గంజి పెట్టడం చేతకాలేదంట" అంది అమ్మ. నాయన నవ్వి, "పెట్టేటప్పుడు అత్తరు మళ్ళీ రుద్దుతాలే" అన్నాడు. బుడ్డి అక్క దగ్గరే ఉందని అమ్మ ఏదో సర్దిచెప్పింది.

అసలు చిక్కు ఆదివారం పొద్దున బయటపడింది. మడతలు పెట్టేటప్పుడు అమ్మ చీరను నా ముక్కు దగ్గర పెట్టి, "ఇంకా ఉండాదా?" అంది. నాకు తెలియలేదు. తాను చూసింది. తనకూ తెలియలేదు. పుట్టినప్పటినుంచీ చేపలో ఉన్న ముక్కులు, వారమంతా మొగలిలో ముంచిన ముక్కులు. మేం ఏం చెప్పగలం? ఉన్నా లేదనుకుంటాం, లేకపోయినా ఉందనుకుంటాం. అమ్మ కాసేపు మూట ముందు కూర్చుని, ఉన్నట్టుండి లేచి, "పద" అంది.

బస్సు వచ్చింది. కండక్టరు, "మనుషులు ఎనక్కి" అనబోతుంటే అమ్మ మెట్టు ఎక్కకుండా రోడ్డు మీదే నిలబడి మూట విప్పింది.

"అబ్బయ్యా, ఇన్నేళ్ళుగా మమ్మల్ని వాసన చూసే కదా ఎనక్కి తోలతుండావు. ఈ గుడ్డ చూసి చెప్పు. అబద్ధం చెప్పబాక. నా బిడ్డ బతుకు దీంట్లో ఉండాది."

బస్సులో నవ్వులు లేచాయి. ఎవడో ఈల వేశాడు. కండక్టరు ముఖం ఎర్రబడింది. తిడతాడనుకున్నాను. అతను టిక్కెట్ల సంచి సర్దుకుని కిందికి దిగాడు. "ఈడ ఇంజను వాసన, ఉండు" అని చీర పట్టుకుని రోడ్డు దాటి దూరంగా గాలివాటున నిలబడ్డాడు. ముక్కు చీదుకుని, రుమాలుతో తుడుచుకుని, చీరను ముఖానికి ఆనించాడు. మడత తిప్పి మళ్ళీ చూశాడు. ప్రతి చీరా అట్లాగే చూశాడు. డ్రైవరు హారన్ కొడుతున్నా తిరిగి చూడలేదు. నేను అమ్మ కొంగు నములుతున్నాను.

"అత్తరు లేదు పెద్దమ్మా. చేపా లేదు" అన్నాడు వచ్చి.

"మరేముండాది?"

"ఏమీ లేదు. ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డ." ఎటో చూస్తూ, "ఎక్కండి. ముందు కూచోండి" అన్నాడు.

అమ్మ చీరలు మడిచి మూట కట్టింది. "మేం ఎనకే కూచుంటాంలే నాయనా. మా ఒంటి మీద చేప ఉంటాది, దీనికి అంటుకుంటాది. ఈ మూట మటుకు ముందు పెట్టు" అంది. అతను రెండు చేతులతో ఆ మూట అందుకుని డ్రైవరు వెనకాల ఆడవాళ్ళ సీటు మీద పెట్టి, ఎవర్నీ దాని పక్కన కూర్చోనివ్వలేదు. ఆ రోజు నెల్లూరు దాకా మా చీరలు ముందు సీట్లో పోయాయి, మేం వెనక చక్రం మీద ఎగిరెగిరి పడుతూ పోయాం.

సోమవారం మేట్రన్ గారు వరసలో అక్క దగ్గర ఆగి, చెంగు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఎవరు ఉతికారు?" అని అడిగిందట. "మా అమ్మ" అంది అక్క. ఆమె తలూపి ముందుకు పోయింది. అక్క నిలిచింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తల నూనె కూడా వాసన లేనిది వెతికి వాడింది. అక్క పక్కన పడుకుంటే మొదట ఏ వాసనా తెలిసేది కాదు. పొద్దున అక్క లేచి పోయాక దిండు మీద ఏదో సన్నగా ఉండేది, ఎండలో ఆరిన నూలు బట్టది. దానికోసం నేను ఆ దిండు మీదికి దొర్లేదాన్ని. "వాసన మనిషికన్నా ముందు ఇంట్లోకి రాగూడదు, మనిషి పోయినాక ఉంటే ఉండాల" అని అమ్మ ఆ తర్వాత మా అందరికీ పెట్టిన శాసనం. నేను ఇప్పటికీ అదే నమ్ముతాను, అందుకే కిటికీలు తెరుస్తాను.

కానీ అక్క సెలవుకు ఇంటికి వచ్చేటప్పుడు ఒక పని చేసేది. బస్సు దిగి సరుగుడు తోట దగ్గర ఆగి, సంచిలోంచి ఆ బుడ్డి తీసి, గోరంత, సాయిబు చెప్పినంతే, చెంగు కొసకు రాసుకునేది. నాయన వసారాలోంచి, "అదీ! నేను కొనిచ్చిన అత్తరు! దాంతోనే మా అమ్మి ఆసుపత్రిలో మర్యాదగా నిలబడింది" అని వాడకట్టంతా వినపడేలా అరిచేవాడు. అక్క, "అవును నాయనా" అనేది. ఆయనకు చివరిదాకా నిజం తెలియదు.

నాయన జబ్బుపడేనాటికి నేను పెద్దదాన్నయ్యాను. ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మాయి, చెవులు తగ్గాయి. ఒక మధ్యాహ్నం అక్క వచ్చి మంచం పక్కన కూర్చుంది, చెంగుకు ఎప్పటిలా గోరంత రాసుకునే. నాయన ఆమె చెయ్యి పట్టుకుని కూడా, "అమ్మి రాలేదా? బస్సు రాలేదా? ఎవురీ మనిషి?" అని కంగారుగా తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. "నేనే నాయనా" అని అక్క చెవిలో చెప్పింది. వినపడలేదు. "అమ్మిని రమ్మనండి" అంటూనే ఉన్నాడు. అక్క ఒక్కసారి లేచి సంచి దగ్గరికి పోయి ఆ బుడ్డి తెచ్చి, బిరడా తీసి, అరచేతిలో మొత్తం పోసుకుని, చీరకు, మెడకు, చేతులకు, మోచేతుల దాకా రుద్దుకుంది. ఇంట్లో ఊపిరాడలేదు. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది, నేను వాకిట్లోకి పరిగెత్తాను. వాకిట్లోకి కూడా నా వెనకాలే వచ్చింది మొగలి. లోపల నాయన గొంతు వినపడింది, పాత గొంతు, వీధి చివరిదాకా.

"వచ్చినావా అమ్మీ!"

ఆ తర్వాత ఆయన కంగారు పడలేదు.

నిత్యకు ఇదంతా చెప్పాను. చెప్పి, అనవసరంగా చెప్పానా అని రాత్రంతా దొర్లాను. ఆ పిల్ల బుడ్డిని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమీ రావడంలేదు చిన్నమ్మమ్మా" అంది. నాకూ రాలేదు. అది ఇంకా బాధ పెట్టింది. మర్నాడు పిల్ల సెంటు కొట్టుకోకుండానే ఆఫీసుకు పోయింది. నా కోసమే మానేసిందని తెలుసు. సంతోషపడాలి కదా! కిటికీలు తెరవాల్సిన పని లేదు, కాఫీ కాఫీలాగే ఉంది. అయినా కుదురుగా కూర్చోలేకపోయాను. సాయంత్రం తలుపు చప్పుడు కాలేదు, కళ్ళా సరిగా కనపడవు, పిల్ల ఎప్పుడు వచ్చి నా పక్కన నిలబడిందో తెలియక ఉలిక్కిపడ్డాను. "నువ్వు మామూలుగానే కొట్టుకోవే తల్లీ" అన్నాను. "నిన్నటిదాకా తిట్టావు కదా!" అని నవ్వింది. నా నోరు, నా ఇష్టం అన్నాను.

ఈ రోజు సాయంత్రం వంటింట్లో చారు కాస్తున్నాను. మెట్ల మీదనుంచే గుప్పున వాసన వచ్చింది, పిల్లకన్నా ముందు, తలుపుకన్నా ముందు. ముక్కు మండింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గరిటె పట్టుకుని వెనక్కి కూడా తిరగకుండా అరిచాను.

"వచ్చినావా అమ్మీ!"